ఎఫ్‌ఈ 410, ఈ410: అంకె ఒకటే, ఉక్కు వేరు

డ్రాయింగ్‌లో ఒక గ్రేడు, బిల్లులో మరొకటి, ప్లేటు మీద ఇంకొకటి. స్టీల్ స్ట్రక్చర్ పనుల్లో ఇది మామూలే. చాలాసార్లు సరుకులో లోపం ఉండదు. గ్రేడులోని అంకె దేన్ని చెబుతోందో ఎవరూ చూడకపోవడంతోనే గొడవ మొదలవుతుంది.

సమస్య: డ్రాయింగ్‌లో ఈ410 అని ఉంది. వచ్చిన సరుకు టెస్ట్ సర్టిఫికెట్‌లో ఎఫ్‌ఈ 410 డబ్ల్యూఏ అని ఉంది. షాపువాళ్లు "రెండూ ఒకటే సార్" అంటున్నారు.

కారణం: ఒకటి కాదు. స్ట్రక్చర్ ఉక్కుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2062 పాత పద్ధతిలో ఎఫ్‌ఈ పక్కనున్న అంకె టెన్సైల్ బలం, అంటే తెగిపోయేలోపు ఉక్కు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి. ఇప్పటి పద్ధతిలో 'ఈ' అక్షరం పక్కనున్నది యీల్డ్, అంటే ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి. ఎఫ్‌ఈ 410 డబ్ల్యూఏ అంటే నేటి ఈ250ఏ: యీల్డ్ 250 ఎంపీఏ (మెగాపాస్కల్, ఒత్తిడిని కొలిచే యూనిట్), టెన్సైల్ 410. అదే ఈ410కి యీల్డే 410, టెన్సైల్ 540. డిజైనర్ లెక్కలో పెట్టుకున్న బలంలో మూడో వంతుకు పైగా గల్లంతైనట్టే.

పోనీ, ఎఫ్‌ఈ అంటే ఎప్పుడూ టెన్సైలే అని గుర్తుపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. కాంక్రీటులో వేసే కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786లో ఎఫ్‌ఈ 500 అంటే యీల్డే 500. ఇక ఈ7018 వెల్డింగ్ రాడ్డులో ఈ అంటే ఎలక్ట్రోడ్!

పరిష్కారం: పేరు పక్కన పెట్టి సర్టిఫికెట్‌లో యీల్డ్, టెన్సైల్ గడులు చదవండి. అందులోని హీట్ నంబరు (ఒకేసారి కరిగించిన ఉక్కు విడతకు ఇచ్చే నంబరు) ప్లేటు మీద నంబరుతో కలవాలి. కలవకపోతే ఆ కాగితం ఆ ప్లేటుది కాదు. స్టాకిస్ట్ కోసి ఇచ్చిన ముక్క మీద నంబరు లేకపోతే ల్యాబ్‌లో టెన్సైల్ టెస్ట్ చేయించండి. తక్కువ గ్రేడు ఇప్పటికే బిగించేసి ఉంటే సైట్‌లో మీరే తేల్చేయకుండా డిజైనర్‌తో మళ్లీ లెక్క వేయించండి. ఇకపై ఆర్డర్‌లో "ఐఎస్ 2062:2011, ఈ350 బీ0" అని ప్రమాణం, సంవత్సరం, చివరి అక్షరంతో సహా రాయండి.

సమస్య: 32 మి.మీ. ఈ350 ప్లేటుకు యీల్డ్ 338 వచ్చింది.

తిప్పి పంపక్కర్లేదు. 350 అనేది 20 మి.మీ. లోపు మందానికే. 20 నుంచి 40 మి.మీ. వరకు 330, ఆపైన 320 చాలు. అయితే డిజైనర్ కూడా 330తోనే లెక్క వేశారా అని అడగండి.

సమస్య: గ్రేడు చివర బీ0 అడిగితే 'ఏ' రకం వచ్చింది.

బీ పక్కనున్నది సున్నా, ఓ అక్షరం కాదు. గ్రేడు చివరనున్న ఈ తోక బలం గురించి కాదు, చలిలో దెబ్బ తగిలితే పెళుసుగా విరగకుండా ఉండటం గురించి. 'ఏ' అనే రకానికి ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బ కొట్టి చూసే పరీక్ష) ఉండదు. బీఆర్‌కు కొనేవాళ్లు కోరితే మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర, బీ0కు సున్నా డిగ్రీల దగ్గర, సీకి మైనస్ 20 దగ్గర చేస్తారు. కాబట్టి యీల్డ్ సరిపోయిందని 'ఏ' అనే రకాన్ని ఒప్పుకోవద్దు. మార్చి ఇమ్మనండి, లేదా ఆ హీట్ నుంచి ముక్క తీసి సున్నా డిగ్రీల దగ్గర చార్పీ టెస్ట్ (అదే ఇంపాక్ట్ టెస్ట్) చేయించి, ఫలితాన్ని డిజైనర్‌కు చూపించండి. వంతెనలు, క్రేన్ గర్డర్ల విషయంలో ఇక్కడ రాజీ పడకూడదు. మామూలు గోడౌన్ షెడ్డుకు మాత్రం సీ అడగడం నా దృష్టిలో డబ్బు దండగ.

సమస్య: ఈ250 బీమ్ బదులు సన్నటి ఈ350 వేశారు. టెస్టులన్నీ పాసే, బీమ్ మాత్రం కుంగుతోంది.

కారణం: గ్రేడు పెరిగితే బలం పెరుగుతుంది, బిగువు పెరగదు. ఈ250కైనా ఈ650కైనా సాగుదల గుణకం (బరువుకు ఉక్కు ఎంత తక్కువగా వంగుతుందో చెప్పే అంకె) దాదాపు 2 లక్షల ఎంపీఏనే. సెక్షన్ సన్నబడితే కుంగుబాటు ఎక్కువవుతుంది.

పరిష్కారం: ఎక్కువ లోతున్న సెక్షన్‌కు మారడం. మార్చే వీల్లేకపోతే డిజైనర్ అనుమతితో ఫ్లాంజ్‌కు (బీమ్ పైన, కింద ఉండే అడ్డ పలకకు) కవర్ ప్లేట్ వెల్డింగ్ చేయొచ్చు. కానీ ముందు బీమ్ మీద బరువు దింపి, కింద జాకీలు పెట్టాలి. బరువు మీద ఉండగానే అతికిస్తే అప్పటికే కుంగినదంతా అలాగే ఉండిపోతుంది.