పాత అమెరికా మ్యాప్‌లో అడుగున ఉన్న సంవత్సరాన్ని నమ్మకండి

పాత అమెరికన్ అట్లాసులు, వాటిలోంచి విడదీసిన మ్యాపులు కొనేవాళ్లకు ఒక మాట. మ్యాప్ అడుగున సన్నటి అక్షరాల్లో 1860 అని ఉంటే అది 1860లో అచ్చయినట్టు కాదు. అది కాపీరైట్ నమోదైన ఏడాది. ఫిలడెల్ఫియాలో మిచెల్ కంపెనీ వేసిన అట్లాసులే చూడండి, తర్వాతి ముద్రణల్లోనూ పాత కాపీరైట్ వాక్యమే కనిపిస్తుంటుంది. అమ్మేవాళ్లు ఆ అంకెనే చూపించి ధర చెబుతారు!

అందుకే ముందు సరిహద్దులు చూడండి. వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియా విడిపోయి రాష్ట్రమైంది 1863 జూన్‌లో. వ్యోమింగ్ టెరిటరీ (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం) ఏర్పడింది 1868లో. డకోటా 1889లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాలుగా చీలింది. అంటే వ్యోమింగ్ ఉండి, డకోటా ఇంకా ఒక్కటిగానే ఉంటే ఆ మ్యాప్ దాదాపుగా 1868కీ 1889కీ మధ్యది. దాదాపుగా అని ఎందుకంటున్నానంటే, పాత అచ్చు ప్లేట్లను మార్చకుండా మళ్లీ అచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. మన దగ్గర తెలంగాణ ఉందా లేదా అని చూసి గోడ మ్యాప్ వయసు చెప్పేస్తాం కదా, ఇదీ అంతే.

తర్వాత పదింతల భూతద్దం పెట్టి రంగులు చూడండి. చేత్తో వేసిన రంగు నీళ్లలా పరుచుకుని, అక్కడక్కడా గీత దాటి ఉంటుంది. రంగురంగుల చుక్కలు వరసగా కనిపిస్తే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలు.

కొనే ముందు డేవిడ్ రమ్సీ మ్యాప్ కలెక్షన్ వెబ్‌సైట్‌లో అదే మ్యాప్ వేర్వేరు ముద్రణలు ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. ఉచితమే.