ఏ తెరకైనా సరిపడేలా వెబ్ పేజీ: వెడల్పు లెక్క ఎక్కడ తప్పుతుంది

ఫోన్ వివరాల్లో 1080 × 2400 అని ఉన్నా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌కి ఆ అంకెతో పని లేదు. పిక్సెల్ రేషియో (ఒక సీఎస్ఎస్ పిక్సెల్ వెడల్పులో తెర అసలు పిక్సెళ్లు ఎన్నో చెప్పే అంకె) 3 ఉన్న ఫోన్‌లో పేజీకి దక్కే వెడల్పు 360 సీఎస్ఎస్ పిక్సెళ్లే. లేఅవుట్ అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అసలు రిజల్యూషన్ అక్కరకొచ్చేది బొమ్మల పదును దగ్గరే.

మొదట హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో, పేజీని ఎంత వెడల్పున పేర్చాలో బ్రౌజర్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టండి. అందులో విడ్త్‌కి డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్‌కి 1 ఇవ్వండి. ఇది లేకపోతే మొబైల్ బ్రౌజర్లు పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పున పేర్చి, కుదించి చూపిస్తాయి. చిన్న తెరల కోసం రాసిన మీడియా క్వెరీలు (వెడల్పును బట్టి అమలయ్యే సీఎస్ఎస్ నియమాలు) అప్పుడు అసలు అమలే కావు. యూజర్-స్కేలబుల్‌కి ‘నో’ మాత్రం ఇవ్వకండి. అది చూపు తక్కువున్నవాళ్లకు జూమ్ లేకుండా చేయడమే.

లేఅవుట్‌ని ఇరుకు తెరతోనే మొదలుపెట్టండి: ఒకే కాలమ్, మీడియా క్వెరీలేమీ లేకుండా. తర్వాత బ్రౌజర్ విండోని మెల్లగా వెడల్పు చేస్తూ పోండి. వరుసలు మరీ పొడవై చదవడం కష్టమైన చోట, లేదా పక్కన ఖాళీ వృథాగా కనిపించిన చోట, ఆ వెడల్పు నుంచి పైకి వర్తించే ఒక మిన్-విడ్త్ క్వెరీ రాయండి. ఫోన్ మోడళ్ల పట్టిక చూసి బ్రేక్‌పాయింట్లు (లేఅవుట్ మారే వెడల్పులు) పెట్టడం దండగ పని, ఆ పట్టికకు అంతుండదు. కార్డుల వరుసకైతే క్వెరీ కూడా అక్కర్లేదు. గ్రిడ్‌లో ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ వాడి, కనీస వెడల్పు 16 రెమ్ (ఒక రెమ్ అంటే పేజీ మూల ఫాంట్ సైజు), గరిష్ఠం 1 ఎఫ్ఆర్ (ఉన్న చోటులో ఒక వాటా) ఇస్తే కాలమ్‌ల సంఖ్య దానంతటదే మారుతుంది.

బొమ్మలకు మ్యాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో. హెచ్‌టీఎంఎల్‌లో విడ్త్, హైట్ అంకెలు కూడా రాయండి, లేకపోతే బొమ్మ లోడవగానే కింది టెక్స్ట్ ఎగిరిపడుతుంది. ఒకే బొమ్మకు సోర్స్‌సెట్‌లో 400, 800, 1600 పిక్సెళ్ల ఫైళ్లు ఇచ్చినప్పుడు, పేజీలో బొమ్మ ఎంత వెడల్పుంటుందో చెప్పే సైజెస్ మరవకండి. అది లేకుంటే బొమ్మ తెరంత వెడల్పు ఉంటుందనుకుని, బ్రౌజర్ అవసరానికి మించిన ఫైల్ దించుకుంటుంది.

ఎక్కువగా తలనొప్పి తెచ్చేది అడ్డంగా వచ్చే స్క్రోల్. దాన్ని బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి దాచేస్తుంటారు, కానీ అంచు దాటిన బటన్ అలాగే మాయమవుతుంది. అసలు కారణం వెతకండి. అన్ని ఎలిమెంట్లకూ తాత్కాలికంగా ఔట్‌లైన్ గీస్తే, బయటికి పొడుచుకొచ్చింది ఏదో దొరుకుతుంది. 100 వీడబ్ల్యూ (విండో వెడల్పులో నూరు శాతం) వాడి ఉంటే 100% చేయండి, వీడబ్ల్యూ లెక్కలో నిలువు స్క్రోల్‌బార్ వెడల్పూ కలుస్తుంది. ఫ్లెక్స్ ఐటమ్ (ఫ్లెక్స్ వరుసలోని ఎలిమెంట్) కుదించుకోకపోతే దానికి మిన్-విడ్త్ 0 ఇవ్వండి. అది మామూలుగా లోపలి కంటెంట్ కనీస వెడల్పు కన్నా తగ్గదు. పొడవాటి లింకులకు, మన భాషలోని పొడుగు సమాసాలకు ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్ చాలు. పెద్ద టేబుల్‌ని విడిగా ఒక డివ్‌లో ఉంచి, ఆ డివ్‌కే స్క్రోల్ ఇవ్వండి.

పరీక్షించేటప్పుడు 320 పిక్సెళ్ల దాకా దిగండి. 1280 వెడల్పు విండోలో 400% జూమ్ చేసినా పేజీకి మిగిలేది అంతే, అందుకే డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు పెట్టిన మార్గదర్శకాలు)లోని రీఫ్లో నియమం కూడా ఆ అంకెనే పట్టుకుంది. తర్వాత నిజమైన ఫోన్‌లో చూడండి. కంప్యూటర్ బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్‌లో అడ్రస్ బార్ కనిపించి మాయమవడం, కీబోర్డు పైకి రావడం తెలియవు. 100 వీహెచ్ (తెర ఎత్తులో నూరు శాతం) ఎత్తు ఇచ్చిన పేజీలో అడుగు బటన్ అడ్రస్ బార్ వల్ల తెర కిందికి జారితే, అడ్రస్ బార్‌ని బట్టి మారే డీవీహెచ్‌కి మార్చండి. ఐఫోన్‌లో ఇన్‌పుట్ తాకగానే పేజీ జూమ్ అయితే, దాని ఫాంట్ సైజు 16 పిక్సెళ్ల కన్నా తక్కువుందేమో చూడండి.