వీధి కుక్కను ఇంటికి తెచ్చుకున్నారా? మొదటి నెల ఇలా చూసుకోండి

చాలామంది కుక్కను ఇంటికి తెచ్చిన రోజే స్నానం చేయించి, పక్కింటివాళ్లందరికీ చూపించి, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటోలు తీస్తారు. దయచేసి అలా చేయకండి. నిన్నటిదాకా రోడ్డు మీద బతికిన ప్రాణికి ఫ్యాను తెలీదు, మిక్సీ మోత తెలీదు, టైల్స్ మీద కాళ్లు జారుతుంటే ఎందుకో కూడా తెలీదు. బెంగళూరు మారతహళ్లిలో మా సందు చివర టీ కొట్టు దగ్గర తిరిగే కుక్కని, మేము బెల్లం అని పేరు పెట్టినదాన్ని, తెచ్చుకున్నప్పుడు, అది రెండు రోజులు వాషింగ్ మెషీన్ వెనకే ఉండిపోయింది. మూడో రాత్రి రెండింటికి, అందరూ పడుకున్నాక, స్టీలు పళ్లెం నేల మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. తలుపు సందులోంచి చూస్తే పెరుగన్నం తింటోంది, రెండు ముద్దలకోసారి తలెత్తి వెనక్కి చూసుకుంటూ. నేను లైటు వేయలేదు, పిలవలేదు. మర్నాడు పొద్దున అదే వచ్చి నా కాలి దగ్గర కూర్చుంది.

ఇంటికంటే ముందు డాక్టరు దగ్గరికి

వీలైతే దారిలోనే చూపించండి. దగ్గర్లో పెట్ క్లినిక్ ఉంటే సరే, లేకపోతే బెంగళూరులో అయితే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. బరువు చూడమనండి, ఎందుకంటే నులిపురుగుల మందు బరువును బట్టే ఇస్తారు. చెవి కొన కత్తిరించినట్టు ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు, మళ్లీ టెన్షన్ పడక్కర్లేదు. పిల్ల అయితే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రాకుండా టీకాలు 6–8 వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా వేయిస్తారు, రేబీస్ టీకా మూడు నెలలప్పుడు. పెద్ద కుక్క అయితే టీకాలు ఇంతకుముందు వేశారో లేదో తెలీదు కాబట్టి మొదటి నుంచి వేయించడమే మంచిది. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి.

పిడుదుల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే రోడ్డు మీంచి వచ్చిన కుక్కల ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఇవీ ఉన్నాయి. చెవుల లోపల, మెడ కింద, వేళ్ల సందుల్లో చూడండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగాలి, కిరోసిన్ మాత్రం రాయకూడదు. పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడటం అలవాటు చేసుకోండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయినా, జ్వరం వచ్చి తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం కారినా అది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు, అదే రోజు రక్త పరీక్ష చేయించండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి ఎంత చిన్న ముక్కైనా పెట్టొద్దు.

తిండి, నిద్ర, పిలుపు

ఒక మూల పాత దుప్పటి పరిచి, పక్కన నీళ్లు పెట్టి, అక్కడికి పిల్లల్ని వెళ్లనివ్వకండి. స్నానం వారం, పది రోజులు ఆగినా పర్లేదు, మురికి ఉంటే తడి గుడ్డతో తుడవండి చాలు. మొదట్లో అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ లేదా గుడ్డు, కొంచెం పెరుగు. కొద్దికొద్దిగా రెండు మూడు సార్లు పెట్టండి, ఆకలి మీద ఉన్న కుక్క ఒక్కసారే ఎక్కువ తింటే కక్కేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, కూరలు, ఎండు ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు: బెంగళూరు వీధుల్లో పెరిగిన కుక్క విన్నది ఎక్కువగా కన్నడమే. మేము "రా, రా" అని ఎంత పిలిచినా బెల్లం కదలలేదు. మా వాచ్‌మెన్ తాత ఒక్కసారి కన్నడలో "బా ఇల్లి" (ఇటు రా) అన్నాడు, తోక ఊపుకుంటూ వెళ్లింది. కొన్నాళ్లు రెండూ కలిపి పిలవండి, మెల్లగా మన మాటకు అలవాటు పడుతుంది.

బయటికి తీసుకెళ్లడం

మట్టిలో ఒంటికి, రెంటికి వెళ్లడం అలవాటైన కుక్క టైల్స్ మీద ఆపుకుంటుంది, అందుకే నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి కిందికి తీసుకెళ్లి పనయ్యాక మెచ్చుకోండి. ఇంట్లో వెళ్తే కొట్టొద్దు, తుడిచేయండి. కొత్తలో హారన్ మోతకి బెదిరి మెడపట్టీ లోంచి తల లాగేసుకుని పారిపోతుంది, కాబట్టి ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసి, మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల కట్టండి.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ కుక్కను ఉంచొద్దంటే భయపడి వదిలేయకండి. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కుక్కల్ని పెంచుకోవద్దని, లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్లు నిషేధించకూడదు. మీ వంతుగా టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి, కింద చేసిన మలం కవర్లో ఎత్తేయండి. ఆడకుక్క అయి చెవికి కోత లేకపోతే, కాస్త కోలుకుని బరువు పెరిగాక ఆపరేషన్ ఎప్పుడని డాక్టర్ని అడగండి.

ఈ నెలలో భయంతో అది కరిచినా, గోరు గీసుకుని రక్తమొచ్చినా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబీస్ ఇంజెక్షన్ వేయించుకోండి, మీకైనా, పిల్లలకైనా. ఇంట్లో కుక్కే కదా అని ఒక్క రోజు కూడా ఆగొద్దు.