పాత కారుకు డ్రాగ్ రేసు రంగు వేసే ముందు జాగ్రత్తలు

పాత అంబాసిడర్‌ని 1960ల డ్రాగ్ కార్ల (తిన్నటి దారిలో కొద్ది దూరం వేగ పందేలకు వాడే కార్లు) తరహాలో ముస్తాబు చేస్తున్నారా? స్ప్రే గన్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ ఎక్కువైతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ తెల్లగా పాలిపోతుంది. ఫిబ్రవరి దాకా ఆగండి.

• కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండికి తుప్పే అసలు శత్రువు. డోర్ల అడుగు అంచుల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే పుట్టీతో కప్పేయొద్దు. ఎంత బాగా రుద్దినా కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి. ఆ ముక్క కోసేసి కొత్త రేకు వేయించండి.

• వెల్డింగుకు ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు విప్పేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, అందులో మిగిలిన ఆవిరి పేలుతుంది.

• పాత రంగులో సీసం ఉండొచ్చు. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

• అన్నిటికంటే ముఖ్యం: టూకే పెయింట్‌లో (రంగు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండూ కలిపి కొట్టేది) ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి. వాటివల్ల ఉబ్బసం వస్తుంది. కర్చీఫ్ కట్టుకుంటే చాలదు. బయటి గాలి పైపుతో అందే మాస్కు కావాలి. అది లేకపోతే ఆ పని పెయింట్ బూత్ ఉన్న షెడ్డుకే ఇవ్వండి.