డాక్‌యార్డ్‌కి టూల్స్ సప్లై చేయాలంటే టెండర్ ఎలా వేయాలి

గాజువాక ఆటోనగర్‌లో మనోళ్ళు చాలామంది నేవల్ డాక్‌యార్డ్ టెండర్లంటే పెద్ద కంపెనీలకే అనుకుంటారు, అదేం కాదండి. ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకుని, ప్రభుత్వ కొనుగోళ్ళ సైట్ జెమ్ పోర్టల్లో సెల్లర్‌గా చేరండి, ఈ పోర్టల్ 2016లో మొదలైంది, డిఫెన్స్ వాళ్ళకి విడిగా ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్ కూడా ఉంది, రెండూ చూస్తుండాలి.

అసలు పనంతా బిడ్ డాక్యుమెంట్ చదవడంలోనే ఉంది. టార్క్ రెంచ్ అడిగారనుకోండి, డ్రైవ్ అరంగుళమా ముప్పావంగుళమా, రేంజ్ ఎన్ని న్యూటన్ మీటర్లు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌దే కావాలా, ఒక్కోటీ మీ సరుకుతో పోల్చి టిక్ కొట్టుకోండి, ఒక్కటి తప్పినా టెక్నికల్ పరిశీలనలోనే పోవచ్చు, అప్పుడు మీ రేటు తెరిచి కూడా చూడరు. పాసైన వాళ్ళలో తక్కువ రేటు వేసినోళ్ళే ఎల్1. డౌటుంటే గడువులోపే అడగండి, కొరిజెండం, అంటే టెండర్‌లో సవరణ, వచ్చిందేమో రోజూ చూడండి.

ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, మామూలుగా సరుకు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. చిన్న తయారీదార్లకి మినహాయింపు ఉంది, కొని అమ్మేవాళ్ళకి లేదు, నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. రేటులో జీఎస్టీ, రవాణా, డెలివరీ లేటైతే కోసే ఎల్‌డీ (ఆలస్యపు జరిమానా), డబ్బులొచ్చేదాకా వడ్డీ అన్నీ లెక్కేయండి. ఆర్డర్ కోసం నష్టానికి మాత్రం వేయొద్దు, గెలిచాక వెనక్కి తగ్గితే కట్టిన ఈఎండీ పోతుంది.