తుఫాను తీరం దాటేలోపు డేటా సెంటర్‌ను ఎలా సిద్ధం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు నేలకూలాయి. చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు కట్టారు. అదే విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అంత పెద్దవాటి లెక్కలు వేరు. ఇక్కడ చెప్పేది విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల యాభై అరవై ర్యాకులతో (సర్వర్లు పెట్టే బీరువాలు), 500 కేవీఏ జనరేటర్ల మీద నడిచే సెంటర్ల సంగతి.

గాలి సర్వర్ల దాకా రావడం అరుదు. డీజిల్ అందకో, ఏసీ ఆగిపోయో, కేబుల్ గొట్టంలోంచి నీళ్లు వచ్చో సర్వర్లు పడిపోతాయి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని ఒక భవనంలో జనరేటర్ పై అంతస్తులో భద్రంగానే ఉంది. దానికి డీజిల్ తోడే పంపు మాత్రం సెల్లారులో మునిగిపోయింది. పదిహేడో అంతస్తు దాకా సిబ్బంది బకెట్లతో మెట్ల మీద డీజిల్ మోశారు. కాబట్టి జనరేటర్ ఎత్తు చూసి ధైర్యపడకండి. ట్యాంకు, పంపు, ఆ పంపుకు కరెంటిచ్చే ప్యానెల్, ఈ దారంతా ఒకసారి నడిచి చూడండి.

సీజన్ మొదలవకముందే

బంగాళాఖాతంలో తుఫాన్లు ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒక విడత, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంకో విడత. ఈ పనులు మార్చిలో, సెప్టెంబరులో అయిపోవాలి.

మొదట కేబుళ్లు భవనంలోకి వచ్చే చోటుకు టార్చిలైటుతో వెళ్లండి. గొట్టంలో కేబుళ్ల చుట్టూ వేలు దూరేంత సందు ఉంటే, బయట రోడ్డు మీది మ్యాన్‌హోల్ నిండిన రోజు ఆ సందే పిల్లకాలువ అవుతుంది. మీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడికి మామూలు ఫోమ్ స్ప్రే ఊడొస్తుంది. బోల్టులు బిగిస్తే ఉబ్బి పట్టుకునే రబ్బరు సీళ్లే వాడండి. ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కేబుళ్లున్న గొట్టాలన్నీ మూసి, ముందుముందు పనికొస్తాయని వేసిన ఖాళీ గొట్టాలను వదిలేస్తారు. నీళ్లకు అన్నిటికన్నా తేలికైన దారి అదే.

తర్వాత మేడపైన. డ్రెయిన్ల నోళ్లలో ఆకులు, ప్లాస్టిక్ తీయండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల బోల్టులను స్పానర్‌తో తిప్పి చూడండి, ఉప్పుగాలికి పైకి బాగున్నట్టే ఉండి లోపల తుప్పు తినేసి ఉంటాయి. యూనిట్లను గొలుసులతో నాలుగు వైపులా కట్టాలి, ఒక్క సముద్రం వైపు కడితే చాలదు. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మీ మీదుగా పోతే రెండో విడత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

జనరేటర్‌ను నెలకోసారి పది నిమిషాలు ఉత్తినే తిప్పి ఆపేయడం పరీక్ష కాదు. లోడు లేకుండా నడిపితే కాలని డీజిల్, మసి సైలెన్సర్‌లో పేరుకుని, అసలు రోజున పూర్తి బరువు పడగానే ఇంజిన్ మొరాయిస్తుంది. కనీసం 30 శాతం లోడుతో నెలనెలా అరగంట, సీజన్‌కు ముందు ఒకసారి పూర్తి లోడుతో రెండు మూడు గంటలు నడపండి.

ఇప్పుడు డీజిల్ లెక్క. సర్వర్లు, ఏసీలు కలిపి 300 కిలోవాట్లు అనుకుందాం. లీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున గంటకు సుమారు 85 లీటర్లు కావాలి. మూడు రోజులకు 6,100, ఐదు రోజులకు 10,200. డీజిల్ నిల్వ 2,500 లీటర్లు, ఒక్కో ట్యాంకు 1,000 లీటర్లు దాటితే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి. అందుకే ఎక్కడ చూసినా 990 లీటర్ల ట్యాంకులే. అడుగున మిగిలేది తీసేస్తే అలాంటివి రెండు పెట్టుకున్నా ఒక్క రోజు నిండదు. లైసెన్సు పని తుఫాను కబురు వచ్చాక అయ్యేది కాదు, ఎండాకాలంలోనే మొదలుపెట్టండి.

72 గంటల ముందు

వాతావరణ శాఖ ముందస్తు హెచ్చరిక సుమారు 72 గంటల ముందు, సైక్లోన్ అలర్ట్ 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. మొదటి బులెటిన్ చూడగానే డీజిల్ ట్యాంకర్‌కు ఫోన్ చేయండి. అలర్ట్ వచ్చాక ఊరంతా అదే నంబరుకు చేస్తుంది.

ట్యాంకర్ పోసేటప్పుడు అడుగున ఉన్న మడ్డి, నీరు లేచి కలిసిపోతాయి. కొన్ని గంటలు తేరనిచ్చి, అడుగు వాల్వు నుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మసకగా ఉన్నా, అడుగున నీటి పొర తేలినా, శుభ్రంగా వచ్చేదాకా ఆ డీజిల్‌ను బయటికి తీసేయండి. మూడు నాలుగు జతల ఫ్యూయల్ ఫిల్టర్లు చేతిలో ఉంచుకోవాలి. ఏకధాటిగా నడిచే జనరేటర్ చాలాసార్లు ఫిల్టర్ మూసుకుపోయే ఆగుతుంది.

కూలింగ్ టవర్లున్న చోట నీళ్లు మరిచిపోతారు. 200 కిలోవాట్ల వేడి తీయాలంటే ఆవిరయ్యేవి, పారబోసి కొత్తగా నింపేవి కలిపి గంటకు 400 లీటర్లు, రోజుకు దాదాపు రెండు 5,000 లీటర్ల ట్యాంకర్లు. కరెంటు పోతే కార్పొరేషన్ కుళాయి కూడా రాదు.

48 గంటల ముందు

కొత్త మార్పులు, అప్‌డేట్లు ఆపేయండి. బ్యాకప్ తీసి ఊరుకోకుండా ఒకటి రెండు ఫైళ్లు రీస్టోర్ చేసి చూడండి. డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (మీ సైటు చిరునామాను బయటి కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించండి. అది ఒక రోజు అలాగే ఉంటే హైదరాబాద్ లాంటి చోట ఉన్న ప్రత్యామ్నాయ సెంటర్‌కు మళ్లించేటప్పుడు నిమిషాల్లో పని అవుతుంది, నేరుగా ఆఖరి గంటలో తగ్గిస్తే పాత విలువే నడుస్తుంది. ప్రత్యామ్నాయ సెంటర్ చెన్నైలో ఉందని నిశ్చింతగా ఉండొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను ముందు చెన్నైని ముంచి, తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటింది. ముఖ్యమైన సర్వీసులను గాలి మొదలవకముందే మళ్లించడం మేలు. లింకులు తెగాక మళ్లిస్తే చివరి డేటా ఇక్కడే చిక్కుకుంటుంది.

24 గంటల ముందు

నలుగురేసి రెండు బృందాలు, 12 గంటల షిఫ్టు, మూడు రోజులకు సరిపడా సరుకులు. ప్రతి బృందంలో ఎలక్ట్రీషియన్, జనరేటర్ మెకానిక్, నెట్‌వర్క్ తెలిసినవాళ్లు ఉండాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీరు, గ్యాసు స్టవ్, బియ్యం, పప్పు, పచ్చళ్లు, వాళ్లు వాడే మందులు, టార్చిలు, వాకీటాకీలు, నోట్ల రూపంలో డబ్బు. ఇంటి దగ్గర పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లను మొదటి షిఫ్టుకు వేయకండి. మనసు ఇంటి మీద ఉన్నవాడు ప్యానెల్ ముందు తప్పు స్విచ్ వేస్తాడు.

గాలి మొదలయ్యాక

లైట్లు మినుకుమినుకుమంటుంటే కరెంటు పోయేదాకా చూడకండి, మీరే జనరేటర్ మీదకు మారండి. కరెంటు వచ్చిపోయే ప్రతిసారీ భారం యూపీఎస్ బ్యాటరీల మీద పడుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగే బ్యాటరీ మళ్లీ నిండడానికి గంటలు పడుతుంది. ఐదోసారి జనరేటర్ ఒక్క నిమిషం ఆలస్యమైతే అంతా చీకటే. ఆరు గంటలు ముందే మారినా అదనంగా అయ్యేది 500 లీటర్లు.

సర్వర్ గది తలుపు ఊరికే తెరవకండి, తడి గాలి దూరుతుంది. గాలి ఒక్కసారిగా ఆగితే మేడెక్కకండి. అది కన్ను కావచ్చు.

వెలిసిన తర్వాత

కరెంటు రాగానే తిరిగి మారిపోవద్దు. లైన్లు హడావుడిగా కలిపినప్పుడు మూడు ఫేజుల వరుస తారుమారవడం ఉంటుంది. అప్పుడు చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) పంపులు వెనక్కి తిరుగుతాయి. ముందు ఫేజ్ సీక్వెన్స్ మీటరు పెట్టి చూసి, వోల్టేజి గంటసేపు నిలకడగా ఉన్నాకే మారండి. తడిసిన ప్యానెల్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్షించకుండా ఆన్ చేయొద్దు. అవుట్‌డోర్ యూనిట్ల కాయిల్స్ మీద ఉప్పు పొర కూర్చుని ఉంటుంది, కరెంటు ఆపి మంచినీళ్లతో తక్కువ ఒత్తిడిలో కడగండి. సర్వీసులను హైదరాబాద్ నుంచి వెనక్కి తేవడం మాత్రం రెండో ఫైబర్ (ఇంటర్నెట్ కేబుల్) దారి కూడా అతికాకే. డీజిల్ ఎంత ఖర్చయిందో గంటలవారీగా గోడ మీది చార్టులో రాసిపెట్టండి, వచ్చే ఆర్డరుకు ఆ అంకెలే వాడాలి.