బైబిలు సాఫ్ట్‌వేర్‌లో ఏఐ – 3వ పాఠం: ఒక్క ‘కృప’ వెనుక మూడు మాటలు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. మీ తెలుగు బైబిల్లో ‘కృప’ అని వెదికి, ఎన్ని వచనాలు వచ్చాయో రాసుకోమన్నాం. మీ లెక్కా, మీ సంఘంలో ఇంకొకరి లెక్కా కలవలేదంటే కంగారు పడొద్దు. యాప్ చెడిపోలేదు. తేడా మూడు చోట్ల పుడుతుంది.

మొదటిది కీబోర్డు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లకు ఒక్కోసారి ‘కృప’ బదులు ‘క్రుప’ పడుతుంది. కంటికి దాదాపు ఒకటే. యాప్‌కు మాత్రం రెండూ వేర్వేరు మాటలు, ఎందుకంటే ఒకదానిలో ఉన్నది వట్రసుడి, రెండోదానిలో ఉన్నవి రావత్తూ కొమ్మూ. ఫలితం సున్నా వస్తే ముందు దీన్నే చూడండి. అనుమానం ఉంటే ఎఫెసీ 2:8 తెరిచి, ఆ మాటను అక్కడి నుంచే కాపీ చేసి వెతుకుడు పెట్టెలో వేయండి.

రెండోది ‘పూర్తి పదం మాత్రమే’ అన్న గడి. ఇంగ్లీషుకు అది పనికొస్తుంది, తెలుగుకు నష్టం చేస్తుంది. మన మాట విభక్తినో సమాసాన్నో తగిలించుకునే ఉంటుంది. ఎఫెసీ 2:8లో ఉన్నది ‘కృపచేతనే’. కీర్తన 23:6లో ‘కృపాక్షేమములే’. యోహాను 1:14లో ‘కృపాసత్యసంపూర్ణుడుగా’. ఆ గడిలో టిక్కు ఉంటే ఈ మూడూ జారిపోతాయి. టిక్కు తీసేయండి. అలాంటి గడి లేని యాప్‌లలో మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి, ‘కృప*’ అని కొట్టి చూడండి.

మూడోది అనువాదం. మన సంఘాల్లో ఎక్కువగా చదివేది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. 2019 నాటి ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అనువాదం క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో రావడం వల్ల చాలా యాప్‌లలో ఉచితంగా దొరుకుతుంది. రెండింటిలో మాటల ఎంపిక ఒకటి కాదు కాబట్టి లెక్క కూడా ఒకటి కాదు. ఏ అనువాదంలో వెదికారో నోట్‌బుక్కులో అంకె పక్కన తప్పక రాయండి.

ఇక ఈ వారం పాఠం. ఏఐని ‘కృప గురించి చెప్పు’ అని ఎందుకు అడగకూడదో, ఎలా అడగాలో నేర్చుకుందాం.

తెలుగు బైబిల్లో ఈ మూడు వచనాలు పక్కపక్కన పెట్టండి. ఆదికాండము 6:8లో నోవహు యెహోవా దృష్టియందు ‘కృప’ పొందాడు. కీర్తన 136లో 26 వచనాలు, 26 సార్లు ‘ఆయన కృప నిరంతరముండును’. ఎఫెసీ 2:8లో ‘కృపచేతనే’ రక్షణ. మనకు మాట ఒక్కటే. మూలంలో మూడు. నోవహు పొందినది హీబ్రూలో ‘హేన్’, స్ట్రాంగ్స్ నంబరు హెచ్ 2580. (బైబిలు మూలభాషల్లోని ఒక్కో మాటకు ఇచ్చిన వరుస సంఖ్యే స్ట్రాంగ్స్ నంబరు. హెచ్ అంటే హీబ్రూ, జీ అంటే గ్రీకు.) పెద్దవాడి కంటికి నచ్చి ఆదరణ పొందడం అని దాని భావం. కీర్తనలోది ‘హెసెద్’, హెచ్ 2617. ఇచ్చిన మాట మీద, ఉన్న బంధం మీద నిలబడి చేసే మేలు అది. ఎఫెసీలోది గ్రీకు ‘ఖారిస్’, జీ 5485.

ఇది అనువాదకుల తప్పు కాదు. ఏ భాషకైనా ఇలాంటి ఇరుకు ఉంటుంది. చిక్కు ఇంకోవైపు కూడా ఉంది. హెసెద్ తెలుగులో ప్రతిచోటా ‘కృప’ కాలేదు. రూతు 1:8లో నయోమి కోడళ్లతో మాట్లాడేటప్పుడు అది ‘దయ’. హోషేయ 6:6లో, మీకా 6:8లో ‘కనికరము’. కాబట్టి ‘కృప’ అని వెదికితే అక్కరలేనివి కొన్ని వచ్చి పడతాయి, కావలసినవి కొన్ని రానే రావు.

ఇప్పుడు ఈ స్థితిలో ఏఐ ఏం చేస్తుందో చూడండి. ‘కీర్తన 136లో కృప అంటే ఏమిటి’ అని తెలుగులో అడిగితే, ‘అర్హత లేనివారికి దేవుడు ఉచితంగా ఇచ్చే వరం’ అన్న తీరులో జవాబు రావడం మామూలు. వినడానికి చక్కగా ఉంటుంది, సంఘం ఆమేన్ అంటుంది. కానీ అది ఎఫెసీ పత్రికలోని ఖారిస్‌కు చెప్పే అర్థం. ‘కృప’ అన్న మాట పక్కన ఆ వివరణే లెక్కలేనన్ని చోట్ల రాసి ఉంది కాబట్టి యంత్రం దాన్నే అందుకుంటుంది. అదే కీర్తన 10వ వచనానికి వెళ్లండి. ఐగుప్తు తొలిచూలులను హతం చేసిన సంగతి చెప్పి, వెంటనే ‘ఆయన కృప’ అంటుంది. ఉచిత వరం అన్న అర్థంతో ఈ వచనాన్ని వివరించబోతే నోరు పెగలదు. అబ్రాహాముకు ఇచ్చిన మాటను నిలబెట్టుకున్న నమ్మకత్వం అంటే అప్పుడు వచనం తెరుచుకుంటుంది.

అందుకే ఈ పాఠంలో ఒక్క కట్టుబాటు పెట్టుకుందాం. మాటను వెదకడం ఏఐకి వదలొద్దు. నంబరుతో మనమే వెదకాలి. దొరికిన వచనాలను మాత్రమే ఏఐ చేతికి ఇవ్వాలి.

చేసే పద్ధతి ఇది. విండోస్ కంప్యూటరు ఉన్నవాళ్లు ఈ-స్వోర్డ్ అన్న బైబిలు సాఫ్ట్‌వేర్‌లో ‘కేజేవీ+’ (స్ట్రాంగ్స్ నంబర్లున్న కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు) తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఆండ్‌బైబిల్ యాప్ చాలు. అందులో స్ట్రాంగ్స్ నంబర్లున్న కేజేవీ దించుకోండి, కొన్ని ఎంబీలే అవుతుంది. ఈ రెండూ ఉచితం, దించుకున్నాక నెట్ అక్కరలేదు. అమ్రాబాద్ వైపు సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లలో ఉన్నవాళ్లు ఈ సగం పని ఇంట్లోనే ముగించుకుని, ఏఐతో చేసే సగాన్ని అచ్చంపేటకు వచ్చిన రోజు చేసుకోవచ్చు.

కీర్తన 136:1 తెరిచి, ‘మెర్సీ’ అన్న మాట పక్కనున్న నంబరు నొక్కండి. హెచ్ 2617 అని నిఘంటువు తెరుచుకోవాలి. అదే నంబరుతో మొత్తం బైబిలు వెదకండి. చేత్తో కొట్టేవాళ్లు ఇంగ్లీషు పెద్దక్షరం హెచ్ కొట్టి, ఖాళీ వదలకుండా 2617 వేయాలి. అక్షరం మరిచిపోతే హీబ్రూ, గ్రీకు కలిసిపోతాయి, ఎందుకంటే జేమ్స్ స్ట్రాంగ్ 1890లో హీబ్రూకు 1 నుంచి 8674 దాకా, గ్రీకుకు మళ్లీ 1 నుంచి 5624 దాకా నంబర్లు ఇచ్చాడు. 2617 అన్న అంకె రెండు వైపులా ఉంటుంది.

హెసెద్ పాత నిబంధనలో దాదాపు 250 సార్లు వస్తుంది. వచనాల లెక్క అంతకన్నా కొంచెం తక్కువ ఉంటుంది, కొన్ని వచనాల్లో అది రెండుసార్లు వస్తుంది కాబట్టి. జాబితాలో లేవీయకాండము 20:17, సామెతలు 14:34 కనబడితే పక్కన పెట్టండి. సామెతలలో ‘పాపము ప్రజలకు అవమానము తెచ్చును’ అన్నచోట ‘అవమానము’ కూడా అక్షరాలకు హెసెదే. అవే అక్షరాలున్న వేరే మాట అది, స్ట్రాంగ్స్ రెండింటికీ ఒకే నంబరు ఇచ్చింది. నంబరు కూడా కళ్లు మూసుకుని నమ్మేది కాదని ఈ రెండు వచనాలు చూపిస్తాయి.

ఈ 250ని ఒకేసారి ఏఐలో పోయకండి. తెలుగు లిపిని యంత్రం ఇంగ్లీషు కన్నా చాలా ఎక్కువ ముక్కలుగా విరుచుకుని చదువుతుంది. అదే వచనం తెలుగులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నిడివి పెరిగేకొద్దీ మధ్యలోవి వదిలేయడం, రెండు వచనాలు కలిపేయడం మొదలవుతుంది. ఒక విడతకు 8 నుంచి 10 వచనాలు చాలు. మొదటి విడతకు ఇవి తీసుకోండి: ఆదికాండము 24:12, రూతు 1:8, 1 సమూయేలు 20:14, 2 సమూయేలు 9:1, కీర్తనలు 23:6, 136:10, హోషేయ 6:6, మీకా 6:8. ప్రతి వచనం పూర్తి పాఠాన్ని మీ బైబిలు యాప్ నుంచి కాపీ చేసి అతికించండి. రిఫరెన్సు మాత్రమే ఇస్తే యంత్రం తన జ్ఞాపకం నుంచి తెలుగు వచనం రాస్తుంది. పాత అనువాదంలో సగం, వాడుక భాషలో సగం కలిసిన వచనం వస్తుంది. అది ఏ బైబిల్లోనూ ఉండదు.

వచనాల పైన ఈ ఆదేశం పెట్టండి:

“కింద 8 వచనాలు ఇస్తున్నాను. అన్నిటిలో హీబ్రూ మాట హెసెద్, స్ట్రాంగ్స్ హెచ్ 2617. ఈ 8 తప్ప వేరే వచనం తేవద్దు. ఒక్కోదానికి మూడు సంగతులు చెప్పు: హెసెద్ చూపేది ఎవరు, పొందేది ఎవరు, వాళ్ల మధ్య ముందే ఉన్న బంధం ఏమిటి. వచనంలో లేని సంగతికి ‘వచనంలో లేదు’ అని రాయి. తెలుగు వచనాన్ని తిరగరాయవద్దు.”

‘వచనంలో లేదు’ అన్న ముక్క వదిలేయకండి. అది లేకపోతే యంత్రం ప్రతి గడినీ ఏదో ఒకదానితో నింపుతుంది. జవాబు వచ్చాక మొదట 2 సమూయేలు 9:1 దగ్గర ఆగండి. పొందేవాడు ‘మెఫీబోషెతు’ అని రాసి ఉందా? కథగా అది నిజమే. కానీ ఆ పేరు 1వ వచనంలో లేదు, 6వ వచనంలో వస్తుంది. అంటే యంత్రం మీరిచ్చిన కాగితం దాటి తన జ్ఞాపకంలోకి వెళ్లింది. ఇక్కడ సరైనదే తెచ్చింది, ఇంకోచోట తప్పు తేవచ్చు. అలా కనబడితే ఆ జవాబు మీద పని కొనసాగించొద్దు. కొత్త సంభాషణ తెరిచి, అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి.

లాగోస్ అన్న బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టేవాళ్లకు ఒక మాట. అందులో వెదకడానికి ‘ప్రిసైజ్’, ‘స్మార్ట్’ అని రెండు తీరులున్నాయి. మొదటిది మీరు కొట్టిన మాటనే వెదుకుతుంది, రెండోది భావాన్ని బట్టి వెదుకుతుంది. ఈ పాఠంలో నంబరు పనికి మొదటిదే వాడాలి. స్మార్ట్ పద్ధతిలో పైన వచ్చే సారాంశంలో వాక్యాల వెంట పుస్తకాల లంకెలు ఉంటాయి. మామూలు చాట్ ఏఐ కన్నా అది మేలు, ఎక్కడి నుంచి తెచ్చిందో తెరిచి చూడొచ్చు. తెరవకపోతే ఆ మేలు లేదు. పైగా ఆ సారాంశం మీ గ్రంథాలయం దాటి వెళ్లదు. ఒకే సంప్రదాయపు వ్యాఖ్యానాలు కొన్నవాళ్లకు ఆ సంప్రదాయమే ‘పండితుల అభిప్రాయం’గా కనబడుతుంది. పాలమూరు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంలో పెరిగినవారికీ, నల్లగొండ మేత్రాసనంలోని కతోలిక విశ్వాసికీ ఇక్కడ సమానంగా జాగ్రత్త అవసరం. కతోలికులు ఇంకొకటి కూడా రాయాలి, ‘నా బైబిల్లో 73 గ్రంథాలు’ అని. చెప్పకపోతే యంత్రం తరచూ 66తోనే ఆగుతుంది.

హెసెద్ కొత్త నిబంధనలోకి ఎలా వచ్చింది అన్న ప్రశ్న దగ్గర ఏఐ బాగా తడబడుతుంది. ‘పాత నిబంధన హెసెదే కొత్త నిబంధన ఖారిస్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పాత నిబంధన గ్రీకు అనువాదం సెప్టువజింతులో హెసెద్‌కు ఎక్కువగా వాడిన మాట ‘ఎలెయోస్’, జీ 1656. ఖారిస్ సాధారణంగా వచ్చేది హేన్‌కు. యేసు హోషేయ 6:6ను ఎత్తి చెప్పిన మత్తయి 9:13లో నంబరు నొక్కి చూడండి, ఎలెయోసే ఉంటుంది.

అయితే తెలుగు చదువరికి ఇక్కడ ఒక మేలు ఉంది. నిర్గమకాండము 34:6లో యెహోవా ‘విస్తారమైన కృపాసత్యములుగల’ దేవుడు. యోహాను 1:14లో వాక్యము ‘కృపాసత్యసంపూర్ణుడు’. మన పాత అనువాదం ఒకే సమాసాన్ని రెండు చోట్లా పెట్టి ఆ రెండింటినీ మన చెవిలో కలిపింది. మొదటిదానిలో హెసెద్, రెండోదానిలో ఖారిస్. యోహాను నిర్గమకాండాన్ని మనసులో పెట్టుకునే రాశాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. సందేశంలో దీన్ని చెప్పొచ్చు, తప్పకుండా చెప్పాలి కూడా. ‘వ్యాఖ్యాతలు ఇలా చూస్తారు’ అని చెప్పండి, ‘మూలంలో అదే మాట’ అనొద్దు.

ఉదాహరణలు ఏఐ చేత రాయించుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 23వ కీర్తనకు కాపరి ఉదాహరణ అడగండి, చెక్క కంచె, పచ్చిక కొండలు, గొర్రెల కుక్క వస్తాయి. మందలు తోలుకుని కృష్ణ దిక్కుకో నల్లమల అంచుకో వెళ్లే కాపరులు, రాత్రిపూట రైతు చేన్లో మంద పెట్టడం, కోత అయిన చెల్కలో జీవాలు మేయడం, ఇవన్నీ మీ ముందు కూర్చున్నవాళ్లకు తెలిసిన బతుకు. వాళ్లలో ఒకరిని అడిగి రాసుకున్న నాలుగు మాటలు ఆ కంచె కథ కన్నా బరువుగా ఉంటాయి. యంత్రానికి ఇక్కడ పని లేదు.

వచ్చే వారానికి అభ్యాసం. కీర్తన 23:6లో ‘నా వెంట వచ్చును’ అన్న మాట హీబ్రూ నంబరు హెచ్ 7291. ముందు ఏఐని అడగకుండా, ఆ నంబరుతో నిర్గమకాండము 14వ అధ్యాయం మాత్రమే వెదకండి. అక్కడ ఎవరు ఎవరి వెంట పడుతున్నారో, తెలుగులో ఏ మాట ఉందో రాసుకోండి. ఆ తర్వాత రెండు వచనాలనూ పైన ఇచ్చిన ఆదేశం తీరులో ఏఐకి ఇచ్చి, దాని జవాబును మీరు రాసుకున్నదాని పక్కన పెట్టండి. 4వ పాఠం ఆ రెండు కాగితాల నుంచే మొదలవుతుంది.